గేర్లలో చిక్కింది పారేయొద్దు

మా తమ్ముడి కూతురు సుమ కరీంనగర్‌లో రిమోట్ బండ్ల రిపేరు దుకాణం పెట్టింది. మట్టిలో, రాళ్ళలో ఉరికే బగ్గీలు. తను డిప్లొమా చదివింది, మంచి పనిముట్లు కొనుక్కుంది, అనుమానం వస్తే చూసుకోవడానికి ఫోన్ నిండా వీడియోలున్నాయి. అయినా మొన్న ఇంటికి వచ్చి, "పెద్దబాపూ, గేర్లల్లకు మన్ను పోకుంట నువ్వు ఎట్ల ఆపేటోనివో రాసియ్యి" అంది. నోటితో చెప్తానంటే ఒప్పుకోలేదు. "నువ్వు చెప్పబోతే నడుమ ఇంకో ముచ్చట పెడ్తవు. రాస్తెనన్న తిన్నగ రాస్తవు" అంది. తిన్నగా రాస్తానని ఎవరు చెప్పారో నాకు తెలియదు.

ఏ ఊరి మన్ను ఆ ఊరిదే

కోరుట్ల బస్టాండు దగ్గర నా దుకాణం. బోర్డు మీద రేడియో మెకానిక్ అని ఉండేది కాని, నాకు అన్నం పెట్టింది దుబాయి సామాను. మా వైపు పల్లెల్లో ఇంటికొకరు గల్ఫులో ఉన్న రోజులు. సెలవు మీద వచ్చినవాళ్ళు టేప్ రికార్డరు, రగ్గు, సెంటు సీసాలతో పాటు రిమోట్ బండి కూడా తెచ్చేవాళ్ళు. నాలుగు లావు టైర్లు, చేతిలో పట్టుకునే డబ్బాకు పొడుగాటి ఆంటెనా. అక్కడి నున్నటి గచ్చు మీద సాఫీగా తిరిగిన బండి మన వాకిట్లోకి వచ్చిన వారానికే మూలగడం మొదలుపెట్టేది.

బండి కడుపులో ఒక మోటారు ఉంటుంది. దాని కొసకు గోరంత ఇత్తడి పళ్ళచక్రం. అది ఒక పెద్ద నైలాన్ చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం వెనక టైర్లను తిప్పుతుంది. రెండు చక్రాల పళ్ళ మధ్య సందు కాగితం మందమే. అందులోకి ఆవగింజంత రాయి దూరినా ఇత్తడికి ఏమీ కాదు, నైలాన్ పళ్ళు రాలతాయి. నా పనంతా ఆ కాగితం మందం సందును కాపాడటమే అనుకోండి.

మూత విప్పితే బండి ఏ ఊరిదో చెప్పేసేవాణ్ణి. వెల్గటూర్ బండిలో గోదారి ఇసుక. బీర్పూర్ బండిలో వరి ఊక. కోరుట్లలో బీడీలు చుట్టే ఇళ్ళ నుంచి వచ్చినదైతే తునికాకు పొట్టు. యాక్సిల్‌కు ఆడవాళ్ళ తలవెంట్రుకలు చుట్టుకుని ఉండటం అన్ని ఊళ్ళలో మామూలే. సిరిసిల్ల నుంచి ఏ సామాను వచ్చినా లోపల తెల్లటి దూది నిండి ఉండేది. అది చూడగానే నాకు ఇల్లు గుర్తొచ్చి చేయి కాసేపు ఆగిపోయేది.

ఉస్తాద్ పొట్లాలు

నేను సిరిసిల్లలో పుట్టాను. మా బాపు మరమగ్గాల షెడ్డులో జాబర్. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. సాంచా ఆగితే బాగుచేసేవాడు జాబర్. షెడ్డులో బాపు వినే టేప్ రికార్డరు ఒకసారి ఆగిపోతే, జగిత్యాలలో మంచి మెకానిక్ ఉన్నాడని తెలిసి నేనే బస్సెక్కి తీసుకెళ్ళాను. ఆ మెకానిక్‌ను ఊరంతా ఉస్తాద్ అనే పిలిచేది. తర్వాత ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఇరవై నాలుగో ఏట కోరుట్లలో నా దుకాణం తెరిచాను.

ఆ మొదటి రోజు ఉస్తాద్ టేప్ రికార్డరు విప్పి, బ్రష్షుతో గుప్పెడు దూది బయటికి లాగాడు. దాన్ని పాత పేపరులో పొట్లం కట్టి, నా పేరు అడిగి పొట్లం మీద రాసి, బాగుచేసిన టేప్‌తో పాటు నా చేతిలో పెట్టాడు.

"గిదెందుకు?" అన్నాను.

"నీదే గద బేటా. నీ ఇంట్ల కెల్లి అచ్చింది, నీ ఇంటికే పోవాలె. నీ సామాను ఎందుకు ఖరాబైందో కండ్లతో సూస్కో."

బయటికి రాగానే ఆ పొట్లం రోడ్డు పక్క మోరీలో, మురికినీళ్ళలో పడేశాను.

అది ఆయన పద్ధతి. ఎవరి సామానులో ఏం చిక్కినా పొట్లం కట్టి, పేరు రాసి, ఇచ్చేసేవాడు. నవ్వి వద్దనేవాళ్ళ పొట్లాలను ఒక బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు. పారేస్తే ఊరుకునేవాడు కాదు. నా చేతి మీద స్క్రూడ్రైవర్ పిడితో కొట్టింది ఒక్క ఆ విషయంలోనే. మంచి గురువు, కాని మెచ్చుకోవడం చేతకానివాడు. నేను చేసిన పని బాగుంటే ఏమీ అనకుండా చాయ్ తెప్పించేవాడు. చాయ్ రాలేదంటే మళ్ళీ విప్పాలని అర్థం. ఇప్పటికీ ఏ పని పూర్తిచేసినా చాయ్ వస్తుందేమోనని గుమ్మం వైపు చూస్తాను.

నేను చేసిన తప్పు

రాజమణి మా దుకాణానికి వచ్చింది ఎండాకాలంలో. బీడీలు చుట్టి బతికే మనిషి, ఇరవై రెండేళ్ళుంటాయేమో. చీరకొంగులో చుట్టుకుని ఎర్రటి బగ్గీ తెచ్చింది. టైర్లు తిరిగినప్పుడల్లా కీసుమంటోందని చెప్పింది.

"పిల్లలు మన్నుల ఆడిండ్రా చెల్లే?" అని అడిగాను.

"పిల్లలేడున్నరన్నా. నేనే నడుపుత."

నేను తలెత్తి చూస్తే ఆమె సిగ్గుపడింది. తర్వాత నెమ్మదిగా తనే చెప్పింది. భర్త గంగారాం సెలవు మీద వచ్చి పెళ్ళి చేసుకున్నాడు. నలభై రోజులకే దుబాయి విమానం ఎక్కాడు. ఆ నలభై రోజుల్లో సాయంత్రం కాగానే వాకిట్లో ఆమె చేతిలో రిమోట్ పెట్టి, ఆ చేతి మీద తన చేయి పెట్టి, గడప నుంచి బావి దాకా బండి నడపడం నేర్పించాడు.

"మాట్లాడుకున్నది తక్కువనే అన్నా. ఆయనకూ సిగ్గు, నాకూ సిగ్గు. గిది నడుపుకుంటనే ఉన్నం" అంది. ఆరు నెలలుగా ఉత్తరం రాలేదట. బీడీలు అప్పజెప్పి వచ్చాక రోజూ ఆ బండిని ఒక్కసారి బావి దాకా పంపి, వెనక్కి తెచ్చుకుని, అప్పుడు పొయ్యి వెలిగించుకునేదట.

అలాంటి బండికి నేనేం చేశానో వినండి. గేర్లు శుభ్రంగా దులిపి, పళ్ళ నిండా గ్రీజు దట్టించాను. సాంచా చక్రం కీసుమంటే నూనె పోయాలి. మా సిరిసిల్లలో పుట్టినవాడికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. సాంచా చక్రాలు ఇనుపవి. నూనెకు దూది అంటుకుని ముద్దకట్టినా అవి ఆ ముద్దను నలిపేసి తిరుగుతూనే ఉంటాయి. ఇక్కడున్నది నైలాను, పైన మూత లేదు, తిరిగేది మట్టి వాకిట్లో. ఆ తేడా నా బుర్రకు తట్టలేదు.

మూడో రోజు ఆమె మళ్ళీ వచ్చింది. మోటారు తిరుగుతోంది, టైర్లు కదలడం లేదు. విప్పి చూస్తే గ్రీజు, మన్ను, తునికాకు పొట్టు కలిసి నల్లటి ముద్ద అయ్యాయి. ముద్ద నడుమ బియ్యపుగింజంత పచ్చ గాజు పెంకు ఇరుక్కుని ఉంది. దానికి తగిలి నైలాన్ చక్రంలో వరసగా ఏడు పళ్ళు పోయాయి. గ్రీజు లేకపోతే ఆ పెంకు పడిన చోటు నుంచే జారిపోయేది.

"ఏమైందన్నా?"

"పాత చక్రం చెల్లే, అరిగిపోయింది" అన్నాను.

"రోజూ నడుపుతిని గద. నేనే అరగదీసుకున్న" అని ఆమె కళ్ళు తుడుచుకుంది.

నా వృత్తిలో నేను ఆడిన అబద్ధాలు ఇంకా ఉంటాయి. ఇప్పటికీ ముల్లులా గుచ్చుకునేది ఇదొక్కటే. తప్పు నాది, దుఃఖం ఆమెకు అంటగట్టాను. నోటితో నిజం చెప్పలేదు కాని, చేతులు మాత్రం అలవాటుకొద్దీ ఆ నల్లటి ముద్దను గాజు పెంకుతో సహా పేపరులో కట్టి, పైన రాజమణి అని రాశాయి. ఉస్తాద్ దగ్గర పాత చక్రం దొరుకుతుందేమో చూసి బాగుచేసుకొస్తానని ఆమెను పంపించేశాను.

నడిస్తేనే బొమ్మ

మర్నాడు బండిని, రిమోట్‌ను, పొట్లాన్ని సంచిలో వేసుకుని జగిత్యాల బస్సెక్కాను. అడవుల్లోని అన్నల కోసం పోలీసులు, పోలీసుల కోసం అన్నలు వెతుక్కుంటున్న రోజులవి. రేడియో మెకానిక్ అంటే రెండు వైపులా అనుమానమే. మాలాంటివాళ్ళం వైర్ల చుట్ట సంచిలో పెట్టుకుని ప్రయాణం చేసేవాళ్ళం కాదు. బొమ్మే కదా అని నేను ఆ జాగ్రత్త మరిచాను.

దారిలో బస్సు ఆపి తనిఖీ చేశారు. సంచిలోంచి ఆంటెనా కనపడగానే నన్ను దింపి ఠాణాకు తీసుకెళ్ళారు. ఎస్సై కోస్తా వైపు మనిషి. బండిని బల్ల మీద పెట్టించి దూరంగా నిలబడ్డాడు.

"ఏంటిది?"

"బొమ్మ సార్. పిల్లలు నడుపుకునేది."

"అయితే నడుపు, చూద్దాం."

రిమోట్ నొక్కాను. మోటారు గిర్రుమంది. టైర్లు కదలలేదు. అది బొమ్మేనని రుజువు కావాలంటే నడవాలి. నడవదు. నడవకుండా చేసింది నేనే. అక్కడ నిలబడి మూడుసార్లు నొక్కాను, నుదుటి చెమట రిమోట్ మీద పడింది.

"బొమ్మయితే టైర్లు తిరగాలిగా. ఇది ఇంకేదైనా తిప్పుతుందా?" అన్నాడు ఎస్సై. ఇంతలో ఒక కానిస్టేబుల్ సంచి దులిపితే పొట్లం బయటపడింది. విప్పితే నల్లటి ముద్ద. కానిస్టేబుల్ చేయి వెనక్కి లాక్కున్నాడు. అది బండిలో చిక్కిన మురికి అని, పొట్లం కట్టి యజమానికి ఇవ్వడం మా ఉస్తాద్ పద్ధతి అని చెప్పాను. చెప్తుంటే నాకే ఆ మాట నమ్మేలా అనిపించలేదు.

"మురికికి పేరు రాసి తిరిగిస్తారా?" అన్నాడు ఎస్సై.

ఎస్సై జగిత్యాలకు ఫోన్ చేయించి, పొట్లం సంగతి చెప్పించి ఉస్తాద్‌ను పిలిపించాడు. మధ్యాహ్నం ఎండలో ఆయన బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని వచ్చాడు. సలాం చేసి, డబ్బా మొత్తం బల్ల మీద గుమ్మరించాడు. వందకు పైగా పొట్లాలు. ప్రతిదాని మీద పేరు, ఊరు.

ఎస్సై ఒక్కొక్కటి విప్పాడు. ఇసుక. ఊక. చచ్చిన చీమలు. ఒకదాంట్లో వెంట్రుకల ఉండ.

"ఇదెవరిది?"

"పేరు సదువుండ్రి సార్. మీ హెడ్డు సాబ్ ఇంటి టేప్ రికార్డరుల యెల్లింది" అన్నాడు ఉస్తాద్.

హెడ్ కానిస్టేబుల్ తల దించుకున్నాడు. మిగతావాళ్ళు నవ్వాపుకోలేకపోయారు. ఆ నవ్వుతో నా ప్రాణం కుదుటపడింది. అప్పుడు ఉస్తాద్ రాజమణి పొట్లం తీసుకుని, ముద్దను రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, నా వైపు తిరిగాడు.

"గ్రీజు పెట్టినవా?"

"పెట్టిన ఉస్తాద్."

"మూత లేని నైలాన్ పండ్లకు గ్రీజు పెట్టి మన్నుల ఇడిసినవా? మన్నుకు జిగురు నువ్వే రాసిచ్చినవు గద. గిది సాంచా అనుకున్నవా?"

పోలీసుల మధ్య నిలబడి తిన్న ఆ తిట్టు నాకు దక్కిన పెద్ద చదువు. సుమా, ఇది రాసిపెట్టుకో. నాలుగు వైపులా మూసిన గేరుకు గ్రీజు పెట్టు. గాలి తగిలే గేరును పొడిగానే ఉంచు.

ఎస్సై నన్ను వదిలాడు కాని బండిని వదల్లేదు. "నడిపి చూపించి తీసుకెళ్ళు. వారంలో రాకపోతే పైకి పంపిస్తాం" అన్నాడు. పైకి పంపినవి ముక్కలుగా తప్ప తిరిగి రావని అందరికీ తెలుసు. పాడైన చక్రాన్ని, పొట్లాన్ని మాత్రం నా చేతికిచ్చాడు.

ఏడు పళ్ళు

ఉస్తాద్ దగ్గర ఆ కొలత చక్రం లేదు. హైదరాబాదుకు మనిషిని పంపినా దొరకలేదు. నాలుగు రోజులు అలా పోయాయి. రెండుసార్లు రాజమణి దుకాణం ముందుకొచ్చి, నన్ను అడగకుండా బల్ల మీద తన బండి ఉందేమోనని చూసి వెళ్ళిపోయింది. ఐదో రోజు సిరిసిల్ల బస్సెక్కాను.

షెడ్డులో సాంచాలన్నీ ఒక్కసారిగా కొట్టుకుంటున్నాయి. బాపు కనుబొమల మీద దూది. చక్రం చూపించి జరిగిందంతా ఆయన చెవిలో అరిచి చెప్పాను. నా అబద్ధం కూడా చెప్పాను. బాపు చక్రాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చూశాడు.

"గా పిల్ల దినాం నడుపుతదా?"

"దినాం నడుపుతది."

బాపు షెడ్డు మూల నుంచి విరిగిన అచ్చు ఒకటి తెచ్చాడు. అచ్చు అంటే పడుగు పోగులను విడివిడిగా పట్టి ఉంచే దువ్వెన లాంటి చట్రం. దాని నిండా సన్నటి ఉక్కు రేకులుంటాయి. ఏడు రేకులు ఊడదీశాడు. చక్రంలో పళ్ళు రాలిన చోట సన్నటి రంపంతో ఏడు గాట్లు పెట్టి, గాటుకొక రేకు నిలబెట్టి, రెండు ట్యూబుల జిగురుతో అతికించాడు. జిగురు గట్టిపడ్డాక పక్కనున్న మంచి పళ్ళ ఎత్తుకు ఆకురాయితో అరగదీశాడు. కళ్ళద్దాల కాడ విరిగితే నూలుపోగుతో కట్టుకుని ఉండేవాడు, అది జారినప్పుడల్లా నేను సరిచేశాను. మధ్యాహ్నం మొత్తం అలా గడిచింది. నేను బాపుకు అంత దగ్గరగా అంతసేపు కూర్చున్నది ఆ ఒక్కసారే. ఆ మధ్యాహ్నం ఇంకోటి ఇస్తానంటే నా ముప్పై ఏళ్ళ దుకాణం ఇచ్చేస్తాను.

చివరికి చక్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పి చూశాడు. ఆ మోతలో ఏం వినపడిందో ఆయనకే తెలియాలి.

"ఏడు పండ్ల కాడ జర టిక్కుమంటది. గని నడుస్తది" అన్నాడు.

ఆరో రోజు ఠాణాలో చక్రం బిగించాను. రెండు చక్రాల మధ్య బస్సు టికెట్ పెట్టి, దగ్గరికి నొక్కి, బిగించి, టికెట్ లాగేశాను. సందు సరిగ్గా కాగితం మందం వచ్చింది. సుమా, నీ దగ్గర ఎన్ని కొలత సామాన్లున్నా దీన్ని మించినది లేదు. ఫోటో రీలు డబ్బాను సగానికి కోసి గేర్లకు మూత చేశాను, అంచు చుట్టూ సైకిల్ ట్యూబు పట్టీ తొడిగాను, బండి అడుగున ఉన్న రంధ్రానికి టేపు వేశాను. గ్రీజు వేలికి కూడా అంటనివ్వలేదు.

బండి కదిలింది. టిక్, టిక్ అంటూ ఠాణా ఆవరణలో సగం దూరం పోయింది. ఎస్సై నా చేతిలోంచి రిమోట్ తీసుకున్నాడు. జెండా కర్ర చుట్టూ నాలుగుసార్లు తిప్పి కాని ఇవ్వలేదు. "మా ఇంట్లో కూడా ఒకటుంది, మా చెల్లెలిది" అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు. ఆయన ఊరు ఎంత దూరమో అడగాలనిపించింది, అడగలేదు.

మూత

తిన్నగా రాజమణి ఇంటికే వెళ్ళాను. చేటలో తునికాకు పెట్టుకుని గడపలో కూర్చుని ఉంది. బండి చూసి లేచి నిలబడింది. బండి ఇవ్వకముందే పొట్లం ఇచ్చాను.

"చెల్లే, చక్రం అరిగిపోలే. నువ్వు అరగదీయలే. పెట్టరాని తావుల నేను గ్రీజు పెట్టిన. గీ గాజు పెంకు దానికి అంటుకున్నది, పండ్లు ఇరిగినయి. నీకు అబద్ధం చెప్పిన."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె నా మాట విన్నట్టే లేదు. ఆ నల్లటి ముద్దలోంచి పచ్చ పెంకును గోటితో తీసి, కొంగుతో తుడిచి, అరచేతిలో పెట్టుకుని చూసింది.

"గియ్యి పెండ్లిగాజులన్నా. ఆయన నేర్పంగ బండి బావిల పడబోయింది. ఇద్దరం ఒక్కపారే ఉరికినం. చెయ్యికి చెయ్యి తాకి పలిగినయి. పొద్దుగాల ఊడుస్తె ముక్కలన్ని యెల్లినయి గని, ఒకటి తక్కువున్నది. ఎన్ని దినాలు దేవులాడిన్నో."

తర్వాత బండి తీసుకుంది. గడప నుంచి బావి దాకా పంపింది. ఏడు పళ్ళ దగ్గర అది టిక్కుమంటూ పోయి, టిక్కుమంటూ తిరిగొచ్చింది. చప్పుడు మారిందని నేను సంజాయిషీ చెప్పబోతే చేయి అడ్డం పెట్టింది. బండిని వెల్లకిలా తిప్పి ఫోటో రీలు డబ్బా మూతను తడిమి చూసింది.

"మూత గట్టిగ పెట్టినవా అన్నా?"

"పెట్టిన చెల్లే. ఇగ ఏం చిక్కదు."

"ఏం చిక్కదా?" అంది. అరచేతిలో పెంకు అలాగే ఉంది. పని బాగా చేశానని చెప్తే అంత దిగులుపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

గంగారాం రెండేళ్ళ తర్వాత వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. బజారులో ఇద్దరినీ ఒకసారి చూశాను, ఆమె చేతుల నిండా పచ్చ గాజులు. ఆ బండి మాత్రం మళ్ళీ నా దగ్గరికి రిపేరుకు రాలేదు. మూత బాగా పనిచేసినట్టే. పనివాడిగా నేను సంతోషించాలి.

సుమా, మూతలు అలాగే పెట్టు, గట్టిగా పెట్టు. ఒకవేళ లోపల ఏదైనా చిక్కితే పారేయకు, పొట్లం కట్టి, పేరు రాసి, వాళ్ళ చేతిలో పెట్టు. అది ఏమిటో నీకు తెలియదు.

ఉస్తాద్ పోయాక వాళ్ళింటివాళ్ళు బిస్కెట్ల డబ్బా నాకు ఇచ్చారు. అప్పటికి బాపు కూడా లేడు. ఆ షెడ్డులో సాంచాలను పాత ఇనుముకు అమ్మేశారు, ఇప్పుడక్కడ టైల్స్ దుకాణం ఉంది. ఒకరోజు కూర్చుని డబ్బాలో పొట్లాలన్నీ ఒక్కొక్కటిగా పేరు చదువుతూ వెతికాను. ఇసుక ఉంది, ఊక ఉంది, హెడ్డు సాబ్ ఇంటి వెంట్రుకలున్నాయి. నా పేరు రాసినది ఉండదని తెలిసే వెతికాను. గుప్పెడు దూది, బాపు షెడ్డుది, జగిత్యాల మోరీలో నేనే పడేశాను.